కొటేషను గుర్తుల మధ్య పేరు: సాస్ భాషలోని ఒక నియమంపై విమర్శ

2022 ఏప్రిల్ 4వ తేదీన ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాల సంఖ్య 13 నుండి 26కు పెరిగినది. పూర్వపు విశాఖపట్నం జిల్లా మూడు జిల్లాలైనది. పెందుర్తి మండలం విశాఖపట్నం జిల్లాలోనే నిలిచినది. దాని పొరుగున ఉన్న సబ్బవరం, సబ్బవరానికి దక్షిణాన ఉన్న పరవాడ అనకాపల్లి జిల్లాలో చేరినవి. పెందుర్తికి ఉత్తరాన ఉన్న కొత్తవలస అంతకు సుమారు 43 ఏండ్ల ముందే, 1979లో విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు, ఆ జిల్లాకు పోయినది. ఊళ్ళు కదలలేదు, పొలాల గట్లు కదలలేదు. వాటిపై వ్రాసే పేరు మాత్రం మారినది.

ఇట్టి మార్పు వచ్చినప్పుడు రిజిస్టరులో పాత పేరు కొట్టివేసి క్రొత్త పేరు వ్రాయక తప్పదు. కంప్యూటరు చేత నివేదికలు తయారు చేయించేవారికి ఇంతకంటె సులువైన మార్గం ఒకటున్నది. జిల్లా పేరును ప్రోగ్రాములో నలభై చోట్ల వ్రాయరు. మొదట ఒక్కచోట వ్రాసి, దానికొక సంకేతనామం పెట్టి, మిగిలిన చోట్ల ఆ సంకేతనామాన్నే వాడుతారు. యంత్రం ప్రోగ్రామును చదువుతూ, ఆ నామం తగిలిన ప్రతిచోటా దాని బదులు అసలు పేరును ఉంచుతుంది. ఈ సంకేతనామానికే మాక్రో చలరాశి అని పేరు. జిల్లా మారితే దిద్దవలసినది ఒక్క పంక్తి.

అయితే ఆ సంకేతనామం కొటేషను గుర్తుల మధ్య ఉన్నప్పుడు యంత్రం ఏమి చేయవలెను? అసలు పేరును తెచ్చి ఉంచవలెనా, ఉన్నది ఉన్నట్లు వదలవలెనా? చూపుకు అల్పమైన ఈ ప్రశ్నకు ఒక్కొక్క కంప్యూటరు భాష ఒక్కొక్క విధంగా సమాధానం చెప్పినది. గణాంకాలతో పనిచేసేవారు విరివిగా వాడే సాస్ భాష చెప్పిన సమాధానమే ఈ వ్యాసానికి విషయం. ఆ సమాధానం తత్త్వతః సరియైనది. దానిని తెలపడానికి ఎన్నుకొన్న గుర్తులు మాత్రం సరియైనవి కావు.

నియమం ఏమిటి?

సాస్ అమెరికాలో పుట్టినది. 1966లో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో వ్యవసాయ పరిశోధనల లెక్కలు తేల్చడానికి ఈ ప్రయత్నం మొదలైనది. ఆంథొనీ బార్, జేమ్స్ గుడ్‌నైట్ మొదలైనవారు దానిని పెంచి పెద్దచేసినారు. 1976లో సాస్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ వెలసినది. పొలంలో మొదలైన ఈ భాష తరువాత బ్యాంకులకు, బీమా సంస్థలకు, మందుల పరీక్షలకు ప్రాకినది. మందుల పరీక్షల గణాంకాలను అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థకు సమర్పించడానికి వాడే ఫైలు రూపం కూడా సాస్ వారు రూపొందించినదే. అందుచేత ఔషధ పరిశ్రమ వర్ధిల్లిన హైదరాబాదులో ఈ భాషకు గిరాకీ ఏర్పడినది. అమీర్‌పేట శిక్షణ కేంద్రాలలో తెలుగు యువకులు ఎందరో దీనిని నేర్చినారు.

ఈ భాషలో మాక్రో చలరాశికి ముందు & గుర్తు ఉంచుతారు. ఆ గుర్తును చూచిన యంత్రం, దాని వెంటనున్నది మామూలు మాట కాదనీ, వేరొక దానికి బదులుగా నిలిచిన పేరనీ గ్రహిస్తుంది. ఈ క్రింది ఆజ్ఞలు పాఠకుల సౌకర్యం కొరకు తెలుగు లిపిలో ఉన్నవి. యంత్రానికి ఇచ్చేటప్పుడు ఆజ్ఞలను, చలరాశుల పేర్లను రోమను లిపిలోనే వ్రాయవలెను.

%లెట్ జిల్లా = అనకాపల్లి;
టైటిల్ "&జిల్లా జిల్లా మండలాల నివేదిక";

రెండవ పంక్తిలో జంట కొటేషను గుర్తులు, అనగా ప్రోగ్రాములు వ్రాసేవారు డబుల్ కోట్స్ అనేవి ఉన్నవి. నివేదిక పైన ఇట్లు అచ్చవుతుంది:

అనకాపల్లి జిల్లా మండలాల నివేదిక

అదే పంక్తిని ఒంటి కొటేషను గుర్తులతో, అనగా సింగిల్ కోట్స్‌తో వ్రాస్తే:

టైటిల్ '&జిల్లా జిల్లా మండలాల నివేదిక';

అచ్చయ్యేది ఇది:

&జిల్లా జిల్లా మండలాల నివేదిక

ఇంతే నియమం. జంట గుర్తుల మధ్య ఉన్న పేరును యంత్రం విప్పుతుంది. ఒంటి గుర్తుల మధ్య ఉన్న పేరును ముట్టదు.

దీనికి కారణం యంత్రం చదివే క్రమంలో ఉన్నది. ప్రోగ్రామును అర్థం చేసికొనే భాగానికి ముందు, దానిని మాటలుగా విడదీసే భాగం ఒకటి కూర్చుని ఉంటుంది. అక్షరాలన్నీ మొదట దాని చేతిలో పడతాయి. & గాని, % గాని కనిపించినప్పుడు అది ఆ పేరును మాక్రో భాగానికి అప్పగిస్తుంది. మాక్రో భాగం తన పట్టికలో వెదకి, ఆ పేరుకు గల విలువను తెచ్చి, పేరున్న చోట పెడుతుంది. విడదీసే భాగం ఆ విలువను, అది మొదటినుండి అక్కడ వ్రాసి ఉన్నట్లే, చదువుకొంటూ పోతుంది. ఒంటి గుర్తు కనబడినప్పుడు మాత్రం అది మూసే గుర్తు వరకు ఉన్నదంతా ఒకే మూటగా కట్టి లోనికి పంపుతుంది. మూటలో ఏమున్నదో విప్పి చూడదు. జంట గుర్తుల నడుమ ఉన్నది కూడా మూటయే. కాని ఆ మూట కట్టే ముందు అందులోని సంకేతనామాలను వెదకి విప్పుతుంది.

పాత ప్రశ్న

కొటేషనులోని పేరు తనను తాను తెలుపుతుందా, తన వెనుకనున్న వస్తువును తెలుపుతుందా అన్న ప్రశ్న కంప్యూటర్లతో పుట్టినది కాదు. "నిప్పు తెమ్ము" అన్నప్పుడు వినేవాడు కణకణలాడే బొగ్గులు తెస్తాడుగాని, నిప్పు అన్న రెండక్షరాలను తీసికొనిరాడు. కాని "అగ్ని శబ్దానికి ఫలానా ప్రత్యయం వస్తుంది" అని వైయాకరణుడు చెప్పినప్పుడు ప్రత్యయాన్ని తీసికొనిపోయి బొగ్గులకు తగిలించడం సాధ్యం కాదు. అక్కడ అగ్ని అంటే ఆ మాటయే.

ఈ భేదాన్ని పాణిని గమనించి, తన వ్యాకరణం మొదటి అధ్యాయంలోనే దానికొక సూత్రం చేసినాడు. శాస్త్రంలో చెప్పిన మాట తన స్వరూపాన్నే తెలుపుతుంది, శాస్త్రంలో చేసిన సంజ్ఞలు మాత్రం ఇందుకు అపవాదం అని దాని సారాంశం. "వృద్ధి" అన్నప్పుడు ఆ, ఐ, ఔ అనే అచ్చులను గ్రహించవలెనుగాని వృద్ధి అనే మాటను కాదు. తెలుగు వ్యాకరణంలోను ఇంతే. పరుషములు అన్నప్పుడు క చ ట త ప లు, సరళములు అన్నప్పుడు గ జ డ ద బ లు గ్రహించవలెను. ఈ సంజ్ఞలు ఒక విధంగా మాక్రో చలరాశులే. సంజ్ఞ ఏదో ముందుగా చెప్పి ఉంచినందున పాఠకునికి ఎచ్చట విప్పవలెనో, ఎచ్చట విప్పగూడదో సందేహం కలుగదు.

నిత్య వ్యవహారంలో తెలుగువారు ఈ పనిని మరింత చాకచక్యంగా చేస్తారు.

రాజు, "నేను రేపు పెందుర్తి వస్తాను" అన్నాడు.
రాజు తాను మరునాడు పెందుర్తి వస్తానని చెప్పినాడు.

మొదటి వాక్యంలో రాజు మాటలు చెక్కుచెదరలేదు. రెండవ దానిలో "నేను" అన్నది "తాను" అయినది, "రేపు" అన్నది "మరునాడు" అయినది, "వస్తాను" అన్న క్రియ మాత్రం రాజు నోట ఉన్నట్లే మిగిలినది. ఒకే వాక్యంలో కొన్ని మాటలు విప్పబడినవి, కొన్ని విప్పబడలేదు. అయినా వినేవాడు తికమకపడడు. "తాను" అన్న మాటయే ఇక్కడ విప్పడం జరిగినదని చెప్పుచున్నది. తాటాకు ప్రతులలో కొటేషను గుర్తులు లేవు. వాటి పనిని "అని" అన్న చిన్న మాట చాలావరకు చేసినది.

తర్కశాస్త్రంలో ఈ విషయానికి ప్రత్యేకమైన గుర్తు ఏర్పరచినవాడు అమెరికన్ తత్త్వవేత్త క్వైన్. 1940లో వెలువడిన తన తర్క గ్రంథంలో అతడు మూల ఆకారం గల క్రొత్త ఉద్ధరణ గుర్తులను వాడినాడు. వాటి మధ్యనున్న చలరాశులను విప్పి చదువుకోవలెను, మిగిలినదంతా ఉన్నది ఉన్నట్లు గ్రహించవలెను. మామూలు ఉద్ధరణకు మామూలు గుర్తులు, విప్పవలసిన ఉద్ధరణకు వేరు గుర్తులు. పొరపడుదామన్నా వీలులేనంత వేరుగా ఆ గుర్తులుంటవి.

నియమంలోని మంచి

సాస్ చేసినది కూడా సూత్రప్రాయంగా ఇదే. రెండు విధాల ఉద్ధరణలు అవసరమని అది ఒప్పుకొన్నది. ఇది దాని ఘనత. విప్పని ఉద్ధరణ ఎందుకు కావలెనని ఎవరైనా అడుగవచ్చును. వ్యాపార సంస్థల పేర్లలో & గుర్తు తరచు ఉంటుంది. "రావు&కో" అని జంట గుర్తుల మధ్య వ్రాస్తే, యంత్రం "కో" అనే చలరాశి ఉన్నదేమోనని వెదకుతుంది. లేకపోతే ఫలానా పేరు విప్పబడలేదని లాగ్ అనబడే చిట్టాలో హెచ్చరిక వ్రాస్తుంది. దురదృష్టవశాత్తు ఆ పేరుగల చలరాశి ప్రోగ్రాములో మరొకచోట ఉంటే, సంస్థ పేరే మారిపోతుంది. అట్టి చోట ఒంటి గుర్తులే శరణ్యం.

ఈ నియమం సాస్‌కు మాత్రమే ప్రత్యేకమైనది కాదు. 1979లో వెలువడిన యూనిక్స్ ఏడవ వెర్షనులో స్టీఫెన్ బోర్న్ వ్రాసిన షెల్ కూడా ఇదే పద్ధతిని పాటించినది. 1987లో వచ్చిన పెర్ల్ కూడా అంతే. ఒకచోట నేర్చినది మరొకచోట పనికివస్తుంది. నియమం ఒక్క ఊపిరిలో చెప్పదగినంత చిన్నది. ఇవి కొట్టివేయదగిన గుణాలు కావు.

నియమంలోని లోపాలు

మొదటి లోపం కంటికి సంబంధించినది. రెండు విరుద్ధమైన అర్థాలకు మధ్య ఉన్న తేడా ఒక్క గీత. ఒంటి గుర్తులు రెండు పక్కపక్కన పడితే జంట గుర్తుకు, వాటికి అచ్చులో భేదం కనబడదు. పైగా లేఖలు వ్రాసే సాఫ్ట్‌వేరు కొటేషను గుర్తులను అందం కొరకు వంకర తిప్పుతుంది. ఆ వంకర గుర్తులను సాస్ కొటేషనులుగానే గుర్తించదు. ఇంగ్లీషు అచ్చుపనిలో ఒంటి, జంట గుర్తుల ఎంపిక చాలావరకు ముద్రాపకుని అలవాటు, అర్థంలో భేదమేమీ లేదు. మనుష్యులు అలంకారంగా భావించే దానిపై యంత్రం ప్రాణాలు పెట్టుకొన్నది.

రెండవ లోపం మొదటి దానికంటె పెద్దది. జంట గుర్తుల మధ్య పేరు విప్పుడు పడకపోతే హెచ్చరిక వస్తుంది. ఒంటి గుర్తుల మధ్య విప్పవలసిన పేరు విప్పుడు పడకపోతే ఏమీ రాదు. యంత్రం దృష్టిలో అక్కడ తప్పు జరగనేలేదు. నివేదిక శీర్షికలో అయితే "&జిల్లా" అని అచ్చయి తన్ను తానే పట్టియిస్తుంది. చూచినవాడు నవ్వుకొని దిద్దుకొంటాడు. కాని ఈ పంక్తిని చూడండి:

వేర్ మండలం = '&మండలం';

మండలం పేరు ఫలానా దైన వరుసలను మాత్రమే ఏరుకొమ్మని దీని ఉద్దేశం. ఒంటి గుర్తుల మూలాన యంత్రం "&మండలం" అనే విచిత్రమైన పేరుగల మండలం కొరకు వెదకుతుంది. అట్టి మండలం భూమిమీద లేదు. కనుక ఒక్క వరుస కూడా దొరకదు. చిట్టాలో దొరికిన వరుసల సంఖ్య సున్న అని సాధారణ సమాచారంగా ఒక వాక్యం పడుతుంది. అది తప్పుగా గాని, హెచ్చరికగా గాని రాదు. ఆపైన లెక్కలు సాగుతాయి. సబ్బవరంలో ఈ వారం డెంగ్యూ రోగులు ఎందరు అని అడిగితే నివేదిక సున్న అని చెప్పవచ్చును. ప్రోగ్రాము నడిచినది, కాగితం చక్కగా అచ్చయినది, సున్న శుభవార్త వలె ఉన్నది. దానిని అనుమానించేవారెవరు?

ఏ శాస్త్రంలోనైనా "లేదు" అన్న ఫలితాన్ని "వెదకలేదు" అన్న ఫలితం నుండి వేరుచేయడం మొదటి ధర్మం. రోగులు లేనందువల్ల వచ్చిన సున్న వేరు, పేరు విప్పుడు పడనందువల్ల వచ్చిన సున్న వేరు. ఈ నియమం ఆ రెండింటినీ ఒకే అంకెలో కలిపివేస్తుంది. ఒంటి గుర్తుల మధ్య & గుర్తు వెంట, పట్టికలో నిజంగా ఉన్న చలరాశి పేరే కనబడినప్పుడు, "ఇది కావాలనే చేసినారా?" అని ఒక్క మాట అడిగి ఉంటే ఈ ప్రమాదం చాలావరకు తప్పేది. విప్పుడు పడని పేరును గూర్చి జంట గుర్తుల మధ్య చేయగలిగిన హెచ్చరికను ఒంటి గుర్తుల మధ్య చేయకపోవడానికి సమర్థన కనబడదు.

మూడవ లోపం, తెరిచే గుర్తు, మూసే గుర్తు ఒకే రూపంలో ఉండడం. 1965లో క్రిస్టొఫర్ స్ట్రేచీ తన మాక్రో భాషలో ఉద్ధరణను తెరవడానికి ఒక కోణపు గుర్తును, మూయడానికి దానికి ఎదురుగా తిరిగిన కోణపు గుర్తును వాడినాడు. అందువల్ల ఒక ఉద్ధరణలో మరొక ఉద్ధరణ చక్కగా ఇమిడినది. సాస్‌లో ఒక్క మూసే గుర్తు మరచిపోతే, ఆ తరువాతి ప్రోగ్రాము మరొక గుర్తు తగిలేవరకు ఉద్ధరణలో మునిగిపోతుంది. అక్కడినుండి లోపలిది వెలుపల, వెలుపలిది లోపల అవుతుంది. నాటకంలో ఒక పాత్ర సంభాషణ ముగిసినదని చెప్పకపోతే, తెర దించుమన్న సూచన కూడా ఆ పాత్రయే పలికినట్లుంటుంది.

నాలుగవది ఇతర భాషలతో పొత్తు కుదరకపోవడం. డేటాబేసులను ప్రశ్నించే ఎస్‌క్యూఎల్ భాషలో అక్షరపంక్తులకు ఒంటి గుర్తులు, పట్టికల పేర్లకు, నిలువు వరుసల పేర్లకు జంట గుర్తులు వాడుతారు. ఒరాకిల్ వంటి డేటాబేసుకు సాస్ ద్వారా ప్రశ్న పంపేవారికి చిక్కు ఇక్కడ వస్తుంది. ఊరి పేరు ఒంటి గుర్తుల మధ్య ఉండవలెనని డేటాబేసు పట్టు, ఒంటి గుర్తుల మధ్య పేరును విప్పనని సాస్ పట్టు. అత్తగారి మాట, ఆడపడుచు మాట రెండూ వినవలసిన కోడలి స్థితి ప్రోగ్రాము వ్రాసేవానిది. ఒంటి గుర్తును గుర్తుగా కాక మామూలు అక్షరంగా కనబడేటట్లు మారువేషం వేయించడం ఒక ఉపాయం. విప్పిన విలువ చుట్టూ కావలసిన రకం గుర్తులు చేర్చే సదుపాయాలను సాస్ వారు తరువాత కల్పించినారు. అవి పనిచేస్తున్నవి. కాని ఒక నియమాన్ని దాటడానికి ఇన్ని అడ్డదారులు కావలసి వచ్చినవంటే, ఆ నియమం ఇరుకుగా ఉన్నదని అర్థం. ఇందులో ఒక చిన్న ఊరట ఉన్నది. జంట గుర్తుల లోపల ఒంటి గుర్తులు ఉంటే, వెలుపలి గుర్తుల మాటే చెల్లుతుంది, పేరు విప్పబడుతుంది.

ఇతరులు చేసినది

ఈ లోపాలు తప్పించరానివి కావు. సి భాష చరిత్ర ఇందుకు ఒక ఉదాహరణ. తొలి రోజులలో ఆ భాషకు చెందిన కొన్ని అనువాదక సాధనాలు కొటేషనుల లోపలకు కూడా చొరబడి మాక్రో నిర్వచనాలలోని చలరాశుల పేర్లను మార్చివేసేవి. 1989 నాటి అమెరికన్ ప్రమాణం ఆ ద్వారాన్ని మూసివేసినది. కొటేషనులో ఉన్నది కొటేషనులోనే ఉండవలెను. మాక్రోకు ఇచ్చిన మాటను అక్షరపంక్తిగా మార్చవలెనంటే # గుర్తు పెట్టి ఆ సంగతి బాహాటంగా చెప్పవలెను. కొంత శ్రమ పెరిగినది, సందేహం తగ్గినది.

2015లో జావాస్క్రిప్ట్ భాష విప్పవలసిన అక్షరపంక్తులకు వేరొక గుర్తునే కేటాయించినది. 2016లో పైథాన్ భాష కొటేషను ముందు ఎఫ్ అనే అక్షరాన్ని చేర్చే పద్ధతిని తెచ్చినది. రెండింటిలోను విప్పవలసిన పేరు చుట్టూ మీసాల బ్రాకెట్లు ఉండవలెను. వెలుపల ఒక ప్రకటన, లోపల ఒక హద్దు. క్వైన్ 1940లో కాగితంపై చేసిన పనికి ఇవి దగ్గరగా వచ్చినవి. సాస్ ఇప్పుడు ఆ దారి పట్టగలదా అంటే, పాత నియమాన్ని తొలగించడం సులభం కాదు. దశాబ్దాలుగా వ్రాసిన ప్రోగ్రాములు దానిమీద ఆధారపడి ఉన్నవి. పునాదిరాయి వంకరగా ఉన్నదని ఇప్పుడు పెకలించరాదు. కాని పునాది వంకర అని కాపురమున్నవారికి చెప్పడం విమర్శకుని విధి.

తెలుగు విభక్తి

ఇంతవరకు చెప్పినది పేరు విప్పబడుతుందా లేదా అన్న విషయం. విప్పిన పేరు వాక్యంలో ఒదుగుతుందా అన్నది వేరొక విషయం. తెలుగులో నివేదికలు తయారుచేసేవారికి ఇది ఇంకా ముఖ్యం.

ఇంగ్లీషులో ఊరి పేరు మారినా, దాని ముందుండే మాట మారదు. తెలుగులో విభక్తి పేరు వెనుక చేరి, పేరును బట్టి తన రూపం మార్చుకొంటుంది, ఒక్కొక్కప్పుడు పేరు రూపాన్నే మార్చివేస్తుంది. పైన చెప్పిన మూడు మండలాల పేర్లే చాలు:

పెందుర్తికి, సబ్బవరానికి, పరవాడకు
పెందుర్తిని, సబ్బవరాన్ని, పరవాడను

ఒకటి ఇకారంతో ముగుస్తుంది, ఒకటి సున్నతో, ఒకటి అకారంతో. ఇకారం తరువాత "కు", "ను" అనేవి "కి", "ని" అవుతవని 19వ శతాబ్దంలో చిన్నయసూరి బాలవ్యాకరణంలో చెప్పినాడు. మాక్రో భాగం బాలవ్యాకరణం చదువలేదు. "&మండలం.కు వైద్య బృందాన్ని పంపవలెను" అని వ్రాస్తే అది వరుసగా "పెందుర్తికు", "సబ్బవరంకు", "పరవాడకు" అని అచ్చువేస్తుంది. మూడింటిలో ఒకటే ఒప్పు. "కు" బదులు "కి" పెడితే పెందుర్తి బాగుపడుతుంది, సబ్బవరం బాగుపడదు. పరవాడకి అనడం వాడుకలో ఉన్నా వ్రాతలో పరవాడకు అనడమే పరిపాటి.

పై వాక్యంలో "&మండలం" తరువాత ఉన్న చుక్కను పాఠకులు గమనించే ఉంటారు. పేరు ఎక్కడ ముగిసినదో చెప్పే హద్దురాయి అది. చుక్క లేకపోతే యంత్రం "మండలంకు" అనే చలరాశి కొరకు వెదకుతుంది. విప్పిన తరువాత ఆ చుక్క మాయమవుతుంది. నిజంగా చుక్క కావలెనంటే రెండు చుక్కలు పెట్టవలెను. సాస్‌లో ఇది మెచ్చుకోదగిన ఏర్పాటు. ప్రత్యయాలు పేరునంటి పెట్టుకొని ఉండే తెలుగువంటి భాషకు ఇది మరీ ఉపయోగం.

విభక్తి విషయంలో తప్పు సాస్‌ది కాదు. అక్షరాలను తెచ్చి ఉంచుతానని అది ప్రతిజ్ఞ చేసినదిగాని, సంధి చేస్తానని చేయలేదు. వాక్యాన్ని మలచవలసినది వ్రాసేవాడు. తెలుగు కార్యాలయాలలో చాలాకాలంగా ఉన్న అలవాటే ఇక్కడ మందు. పేరు తరువాత మారని మాట ఒకటి ఉంచి, విభక్తిని దానికి తగిలించవలెను. "&మండలం మండలానికి వైద్య బృందాన్ని పంపవలెను" అంటే పెందుర్తి మండలానికి, సబ్బవరం మండలానికి, పరవాడ మండలానికి, మూడూ చక్కగా కుదురుతవి. పేరు ఎంత మారినా విభక్తి భారం "మండలం" అన్న స్థిరమైన మాట మోస్తుంది.

ముగింపు

ఈ నియమంతో పనిచేయక తప్పనివారు కొన్ని జాగ్రత్తలు పాటించవచ్చును. అక్షరపంక్తులను జంట గుర్తులతో వ్రాయడం అలవాటు చేసికొని, విప్పరాదని నిశ్చయించిన చోట మాత్రమే ఒంటి గుర్తులు వాడవలెను. అప్పుడు ఒంటి గుర్తు కనబడిన ప్రతిచోటా ఆగి ఆలోచించడానికి ఒక కారణం ఉంటుంది. పేరు చివర చుక్క పెట్టడం మరువరాదు. విప్పిన విలువలను చిట్టాలో వ్రాయించుకొని కంటితో చూడవలెను. తెలుగు వాక్యమైతే ఒక్క పేరుతో పరీక్షించి సంతోషపడక, పెందుర్తి, సబ్బవరం, పరవాడ వంటి మూడు విధాల పేర్లతోను పరీక్షించవలెను. అన్నిటికంటె ముఖ్యంగా, ఏ నివేదికలోనైనా సున్న వచ్చినప్పుడు, ఆ సున్న లెక్కించగా వచ్చినదా, లెక్కించకపోవడం వల్ల వచ్చినదా అని విచారించవలెను.

మాటకు, మాట వెనుక ఉన్న వస్తువుకు గల భేదాన్ని పాణిని సూత్రంతో చెప్పినాడు, తెలుగువాడు "తాను" అన్న మాటతో చెప్పుకొన్నాడు. ఇద్దరూ వినేవాడు గమనించగలిగిన గుర్తునే ఎన్నుకొన్నారు. సాస్ అదే భేదాన్ని ఒక గీతకు అప్పగించి, ఆ గీత తప్పినప్పుడు నోరు మెదపకుండా ఊరుకొన్నది. నియమం ఎంత చిన్నదైనా కావచ్చును. దానిని అతిక్రమించినప్పుడు తెలియజేయని నియమం పనిచేసేవానికి సగం మాత్రమే తోడ్పడుతుంది.